మోటారు ‘హార్డ్‌లీ’ పనిచేసింది: ఇంగ్లీషు వాక్యంలో క్రియ, క్రియా విశేషణం, తులనాత్మక విశేషణం

గత పాఠంలో విశేషణాన్ని, క్రియా విశేషణాన్ని విడివిడిగా నేర్చుకున్నాం. పోల్చి చెప్పే రూపాలను, అంటే డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్‌ను మీరు పాఠశాలలోనే చదివి ఉంటారు. టాల్, టాలర్, టాలెస్ట్ అని పట్టికలు వల్లించడంలో మన విద్యార్థులను మించినవారు లేరు. చిక్కంతా ఆ పట్టికలోని మాటను వాక్యంలో క్రియ పక్కన నిలబెట్టాల్సి వచ్చినప్పుడే మొదలవుతుంది. అందుకని ఈ పాఠంలో మూడింటినీ ఒకే వాక్యంలో కూర్చి చూద్దాం. ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలో ఇచ్చాను. వాటిని గట్టిగా చదవండి, తర్వాత మీ నోటుపుస్తకంలో ఇంగ్లీషు లిపిలో రాసుకోండి. స్పెల్లింగ్ సాధన కూడా అందులోనే అయిపోతుంది.

ముందుగా జరిగిన ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఆదివారం కాంటాక్ట్ తరగతికి ఒక విద్యార్థి చేతిలో మెమో పట్టుకుని వచ్చాడు. నార్సింగిలోని ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో రాత్రిపూట సూపర్‌వైజర్‌గా పనిచేసేవాడు. ఎండాకాలం కావడంతో ట్యాంకర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కింది సంపులో నీళ్లను పైట్యాంకులకు ఎక్కించడానికి మోటారు తెల్లవార్లూ నడిచింది. పొద్దున్నే డ్యూటీ దిగేముందు లాగ్‌బుక్‌లో ఒక వాక్యం రాశాడు: “ద మోటార్ హార్డ్‌లీ వర్క్‌డ్ ఆల్ నైట్.” పగటి మేనేజర్ అది చదివి మోటారు చెడిపోయిందనుకున్నాడు. మెకానిక్‌ను పిలిపించాడు, మోటారు విప్పించాడు, ఏ లోపమూ కనబడలేదు. మోటారు ఆగిపోతే ఫోన్ చేయకుండా రాసి వెళ్లిపోయినందుకు మన విద్యార్థికి మెమో, రెండు రోజుల జీతం కోత.

“సార్, మోటారు రాత్రంతా కష్టంగా నడిచింది. గదే రాసిన. ఇందులో తప్పేముంది?” అని అడిగాడు.

అతని ప్రశ్న న్యాయమైనదే. ‘కష్టం’ అంటే హార్డ్. తెలుగులో ‘గా’ చేరిస్తే క్రియా విశేషణం అవుతుంది. ఇంగ్లీషులో ‘లీ’ చేరిస్తే క్రియా విశేషణం అవుతుందని మనమే నేర్పాం. కాబట్టి కష్టంగా అంటే హార్డ్‌లీ. అతని తర్కంలో పొరపాటు లేదు, మనం నేర్పిన సూత్రంలోనే పొరపాటు ఉంది. ‘గా’ ఉన్నచోటల్లా ‘లీ’ పెట్టమని చెప్పే ఆ సూత్రం సగమే నిజం. మిగతా సగం ఏమిటో చూద్దాం.

‘గా’ చేసే రెండు పనులు

తెలుగు ‘గా’ అనేది ‘అగు’ ధాతువు నుంచి వచ్చింది. ‘అయ్యేటట్లు, అయి ఉండేటట్లు’ అనే అర్థం దానిలో దాగి ఉంది. అందుకే అది రెండు రకాల క్రియల పక్కనా హాయిగా ఇమిడిపోతుంది. ఈ రెండు వాక్యాలు చూడండి.

బస్సు నెమ్మదిగా వెళ్తోంది.
రోడ్డు వెడల్పుగా ఉంది.

రెండింటిలోనూ ‘గా’ ఉంది. మొదటి వాక్యంలో నెమ్మదితనం వెళ్లడానికి సంబంధించినది, పని జరిగే తీరును చెబుతోంది. రెండో వాక్యంలో వెడల్పు ఏ పనికీ సంబంధించినది కాదు. ఉండటం పని కాదు కదా, అది స్థితి. వెడల్పు రోడ్డు గుణం. ఇంగ్లీషు ఈ తేడాను మాటలోనే చూపిస్తుంది. మొదటిది “ద బస్ ఈజ్ మూవింగ్ స్లోలీ”, రెండోది “ద రోడ్ ఈజ్ వైడ్”. రెండో వాక్యంలో ‘వైడ్‌లీ’ రాకూడదు. గుణాన్ని చెప్పేది విశేషణం, పని తీరును చెప్పేది క్రియా విశేషణం.

ఒక హెచ్చరిక. రెండు ఇంగ్లీషు వాక్యాల్లోనూ ‘ఈజ్’ కనబడుతోంది. దాన్ని చూసి మోసపోకండి. మొదటి వాక్యంలో ‘ఈజ్’ సహాయక క్రియ మాత్రమే, అసలు క్రియ ‘మూవింగ్’. రెండో వాక్యంలో ‘ఈజ్’ ఒక్కటే క్రియ.

కనుక ‘గా’ కనబడగానే ఆగి, దాని తర్వాతి క్రియ ఏమిటో చూడండి. అది ఉండు, అవు, కనిపించు, అనిపించు వంటిదైతే ఇంగ్లీషులో విశేషణం వాడాలి. వెళ్లు, రాయి, మాట్లాడు, పనిచేయి వంటిదైతే క్రియా విశేషణం వాడాలి. ఇంగ్లీషులో మొదటి రకం క్రియలను లింకింగ్ వెర్బ్స్ అంటారు. బీ, బికమ్, సీమ్, లుక్, ఫీల్, సౌండ్, స్మెల్, టేస్ట్, గెట్ ఈ కోవలోవి. “బిర్యానీ రుచిగా ఉంది” అనేది “ద బిర్యానీ టేస్ట్స్ గుడ్” అవుతుంది. ఇక్కడ బిర్యానీ ఏ పనీ చేయడం లేదు.

నాకు చాలా ఇష్టమైన జంట ఒకటి ఉంది. తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే ఉంటుంది.

ఆయన కోపంగా కనిపించాడు.
ఆయన కోపంగా చూశాడు.

తెలుగులో ‘కోపంగా’ మారలేదు, క్రియ మారింది. ఇంగ్లీషులో దీనికి తలకిందులుగా జరుగుతుంది. క్రియ మారదు, పక్కమాట మారుతుంది. “హీ లుక్డ్ యాంగ్రీ” అంటే కోపంగా కనిపించాడు. “హీ లుక్డ్ యాంగ్రిలీ ఎట్ ద వాచ్‌మన్” అంటే వాచ్‌మన్ వైపు కోపంగా చూశాడు. మనం క్రియతో చెప్పే తేడాను వాళ్లు ‘లీ’తో చెబుతున్నారు. అలాగే “ద సాంబార్ టేస్టెడ్ సాల్టీ” అంటే సాంబారు ఉప్పగా ఉంది. “షీ టేస్టెడ్ ద సాంబార్ కేర్‌ఫుల్లీ” అంటే ఆమె జాగ్రత్తగా రుచి చూసింది. ఈ రెండు జంటలు గుర్తుంటే లింకింగ్ వెర్బ్స్ జాబితా బట్టీ పట్టనక్కర్లేదు.

‘లీ’ లేని క్రియా విశేషణాలు

కొన్ని మాటలు విశేషణంగానూ, క్రియా విశేషణంగానూ ఒకే రూపంలో ఉంటాయి. ఫాస్ట్, హార్డ్, లేట్, ఎర్లీ, స్ట్రెయిట్ ఇలాంటివి. “ఎ ఫాస్ట్ కార్”, “హీ డ్రైవ్స్ ఫాస్ట్”. ‘ఫాస్ట్‌లీ’ అనే మాట ప్రామాణిక ఇంగ్లీషులో లేదు. మన ప్రాంతంలో ఎంత వినిపించినా పరీక్షలో, దరఖాస్తులో రాయకండి.

ఫాస్ట్‌కు ‘లీ’ చేరిస్తే లేని మాట పుడుతుంది, చదివేవాడు నవ్వుకుని సరిదిద్దుకుంటాడు. హార్డ్‌కు ‘లీ’ చేరిస్తే మరో అర్థమున్న మాట పుడుతుంది. అసలు ప్రమాదం అక్కడుంది. హార్డ్‌లీ అంటే ‘దాదాపు లేనట్టే’. లేట్ అంటే ఆలస్యంగా, లేట్లీ అంటే ఈమధ్య. “హీ కమ్స్ లేట్” అని రాయాల్సినచోట ‘లేట్లీ’ అని రాస్తే హాజరు రిపోర్టు అర్థమే మారిపోతుంది. నియర్ అంటే దగ్గర, నియర్లీ అంటే దాదాపు. మరోవైపు ఫ్రెండ్లీ, లవ్లీ వంటివి ‘లీ’తో ముగిసినా విశేషణాలే.

ఇప్పుడు లాగ్‌బుక్ వాక్యానికి తిరిగి వెళ్దాం. అందులో తప్పు ఒకటి కాదు, రెండు కలిశాయి. తెలుగులో క్రియా విశేషణం క్రియకు ముందు వస్తుంది: కష్టంగా నడిచింది. అదే వరుసలో అతను ‘హార్డ్‌లీ’ని ‘వర్క్‌డ్’కు ముందు పెట్టాడు. ‘దాదాపు లేదు’ అనే అర్థంలో హార్డ్‌లీ సరిగ్గా అక్కడే వస్తుంది. “వర్క్‌డ్ హార్డ్‌లీ” అని రాసి ఉంటే మేనేజర్‌కు అనుమానమైనా వచ్చేది, అడిగేవాడు. స్థానం కూడా కుదిరిపోవడంతో వాక్యం పూర్తిగా శుద్ధమైన ఇంగ్లీషు అయి కూర్చుంది, అర్థం మాత్రం తిరగబడింది. నా అనుభవంలో తప్పుగా కనిపించే తప్పులకన్నా సరిగ్గా కనిపించే తప్పులే ఎక్కువ నష్టం చేస్తాయి.

“ద మోటార్ వర్క్‌డ్ హార్డ్ ఆల్ నైట్” అని రాస్తే వ్యాకరణం సరిపోతుంది. కానీ యంత్రం గురించి అలా రాయడం కొంచెం విడ్డూరంగా ఉంటుంది. లాగ్‌బుక్‌లో “ద మోటార్ రాన్ కంటిన్యువస్లీ ఆల్ నైట్” అని రాయడం మేలు. రోజుకన్నా ఎక్కువసేపు నడిచిందని చెప్పాలంటే “ద మోటార్ రాన్ మచ్ లాంగర్ దాన్ యూజువల్”. ఈ చివరి వాక్యంలో క్రియ ఉంది, పోలిక ఉంది, ఆ పోలికకు బలమిచ్చే ‘మచ్’ కూడా ఉంది.

పోలికను ఎక్కడ గుర్తు పెడతాం?

నార్సింగికి పడమట గండిపేట చెరువు, అంటే ఉస్మాన్ సాగర్ ఉంది. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన ఘోరమైన వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా తీసుకుంది. దాని ఫలితంగా మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొదటిదానికి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు, రెండోదానికి ఆయన కుమారుడి పేరు పెట్టారు. తండ్రి పేరున్నది పాతది, కొడుకు పేరున్నది కొత్తది, గుర్తుంచుకోవడం తేలిక. పోలికలు నేర్చుకోవడానికి ఈ జంట జలాశయాలకన్నా మంచి ఉదాహరణ మన చుట్టుపక్కల నాకు కనబడలేదు.

హిమాయత్ సాగర్ కన్నా ఉస్మాన్ సాగర్ పాతది.

ఈ వాక్యంలో పోలికను చెప్పే గుర్తు ఎక్కడుంది? ‘కన్నా’ దగ్గర మాత్రమే. ‘పాతది’ అనే మాట మారలేదు, పోలిక లేకపోయినా అది పాతదే. ఇంగ్లీషు రెండుచోట్ల గుర్తు పెడుతుంది: “ఉస్మాన్ సాగర్ ఈజ్ ఓల్డర్ దాన్ హిమాయత్ సాగర్.” విశేషణం చివర ‘అర్’, రెండో నామవాచకం ముందు ‘దాన్’. ఒక గుర్తు చాలనే అలవాటుతో కొందరు “ఓల్డ్ దాన్” అని రాస్తారు. రెండు గుర్తులు కావాలని విన్నవాళ్లు, ఎందుకైనా మంచిదని, మూడు పెట్టి “మోర్ ఓల్డర్ దాన్” అంటారు. రెండే ఉండాలి. ఇంకో మాట: ‘దాన్’ వేరు, ‘తర్వాత, అప్పుడు’ అనే అర్థమున్న ‘దెన్’ వేరు. తెలుగు లిపిలో ఈ తేడా చక్కగా కనబడుతుంది, ఇంగ్లీషులో ఒక్క అక్షరమే తేడా.

చిన్న మాటలకు ‘అర్’, పెద్ద మాటలకు ముందు ‘మోర్’ అన్న నియమం మీకు తెలిసిందే. హెవీ, బిజీ, ఈజీ వంటివాటికి హెవియర్, బిజియర్, ఈజియర్. ఎక్స్‌పెన్సివ్, కన్వీనియెంట్ వంటివాటికి మోర్. గుడ్, వెల్ రెండింటికీ బెటర్. బ్యాడ్, బ్యాడ్లీ రెండింటికీ వర్స్. అంటే బెటర్, వర్స్ రెండూ విశేషణంగానూ క్రియా విశేషణంగానూ నడుస్తాయి: “హర్ ఇంగ్లీష్ ఈజ్ బెటర్ నౌ”, “షీ స్పీక్స్ బెటర్ నౌ”. గుడ్ ఎక్కడ, వెల్ ఎక్కడ అని తడబడేవారికి పోలిక చెప్పేటప్పుడు మాత్రం ఆ బాధ లేదు.

తెలుగులో పోలిక ప్రత్యయమే లేదని అనకండి. తెలుగు మాటలకు లేదు కానీ సంస్కృతం నుంచి తెచ్చుకున్నవాటికి ఉంది. రోజూ పత్రికల్లో “నిబంధనలు కఠినతరం”, “పరిస్థితి తీవ్రతరం” అని చదువుతాం. ఆ ‘తర’ చేసే పనే ఇంగ్లీషులో ‘అర్’ చేస్తుంది: స్ట్రిక్టర్, మోర్ సీరియస్. సంస్కృతంలో పోలికకు ఇంకో ప్రత్యయం ‘ఈయస్’. ‘గరీయసి’ అనే మాటలో ఉన్నది అదే. ఇంగ్లీషు ‘అర్’కు, లాటిన్ నుంచి వచ్చిన సీనియర్, జూనియర్, సుపీరియర్ వంటి మాటల చివరి భాగానికి, ఈ ‘ఈయస్’కు మూలం ఒక్కటే. భాషాశాస్త్రంలో ఆసక్తి ఉన్నవారికోసం చెప్పాను, పరీక్షలో రాదు. అయితే దీనివల్ల ఒక ఉపయోగం ఉంది. లాటిన్ నుంచి వచ్చిన ఆ మాటల్లో పోలిక ముందే ఇమిడి ఉంది కనుక వాటి ముందు ‘మోర్’, వెనక ‘దాన్’ పెట్టం. “షీ ఈజ్ టూ ఇయర్స్ సీనియర్ టు మీ” అంటాం. ‘ప్రిఫర్’ క్రియ కూడా అంతే: “ఐ ప్రిఫర్ టీ టు కాఫీ.”

వయసు దగ్గర మరో చిక్కు ఉంది. అన్న, అక్క, తమ్ముడు, చెల్లి అనే మన మాటల్లోనే పెద్ద, చిన్న తేడా ఉంది. ఇంగ్లీషులో బ్రదర్, సిస్టర్ అంటే ఆ తేడా తెలియదు, అందుకని ‘ఎల్డర్ బ్రదర్’ అంటారు. ఆ ‘ఎల్డర్’ నామవాచకం ముందు మాత్రమే వస్తుంది, ‘దాన్’తో రాదు. “మై బ్రదర్ ఈజ్ ఓల్డర్ దాన్ మీ” అనాలి. మనుషులకు కాని పోలికలో ఎప్పుడూ ఓల్డరే. మన రాష్ట్రంలోని సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో, ఇగ్నో 1985లో ఏర్పడ్డాయి. ఈ సంగతిని “అవర్ యూనివర్సిటీ ఈజ్ త్రీ ఇయర్స్ ఓల్డర్ దాన్ ఇగ్నో” అని చెబుతాం. మూడేళ్లు అనే కొలత ‘ఓల్డర్’కు ముందు వచ్చింది. తెలుగులో “మూడేళ్లు పెద్దది” అన్నట్టే కనుక ఇది మనకు సులువు.

దేనిని దేనితో పోలుస్తున్నాం?

ఉస్మాన్ సాగర్ పూర్తి నీటిమట్టం 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌ది 1763.5 అడుగులు. దీన్ని ఇంగ్లీషులో చెప్పమంటే తరగతిలో సగంమంది ఇలా రాశారు: “ద వాటర్ లెవెల్ ఆఫ్ ఉస్మాన్ సాగర్ ఈజ్ హయ్యర్ దాన్ హిమాయత్ సాగర్.” ఈ వాక్యం నీటిమట్టాన్ని చెరువుతో పోలుస్తోంది. తెలుగులో మనం “హిమాయత్ సాగర్ దానికన్నా” అని ‘దాని’ చేరుస్తాం కదా, ఆ ‘దాని’ ఇంగ్లీషులోనూ కావాలి: “హయ్యర్ దాన్ దట్ ఆఫ్ హిమాయత్ సాగర్.” బహువచనమైతే ‘దోజ్’: “రెంట్స్ ఇన్ కోకాపేట్ ఆర్ హయ్యర్ దాన్ దోజ్ ఇన్ అవర్ విలేజ్.”

ఇంగ్లీషు తికమకపెట్టేచోట తెలుగు స్పష్టంగా ఉండే సందర్భమూ ఉంది. “ఐ నో హర్ బెటర్ దాన్ యు” అనే వాక్యానికి రెండు అర్థాలు. ‘నీకన్నా నాకు ఆమె బాగా తెలుసు’ అనేది ఒకటి, ‘నువ్వు నాకు తెలిసినదానికన్నా ఆమె బాగా తెలుసు’ అనేది మరొకటి. మన విభక్తులు ఆ తేడాను దాచనివ్వవు. ఇంగ్లీషులో క్రియను పలికించాలి. మొదటి అర్థానికి “బెటర్ దాన్ యు డూ”, రెండోదానికి “బెటర్ దాన్ ఐ నో యు”. పోలిక వాక్యంలో అనుమానం వస్తే దాన్ తర్వాత ఒక చిన్న క్రియను చేర్చండి, చాలాసార్లు అనుమానం తీరిపోతుంది.

“అంత లేదు” అనే మన వాడుకకు ఇంగ్లీషులో ‘నాట్ యాజ్... యాజ్’ ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల పొడవున ఎనిమిది వరుసల్లో నగరాన్ని చుట్టివస్తుంది. నార్సింగి దగ్గర దాన్ని దిగి ఊళ్లోకి వస్తే తేడా తెలుస్తుంది: “ద విలేజ్ రోడ్ ఈజ్ నాట్ యాజ్ వైడ్ యాజ్ ద ఔటర్ రింగ్ రోడ్.” రెండు ‘యాజ్’ల మధ్య మామూలు రూపమే రావాలి, ‘వైడర్’ రాకూడదు.

‘చాలా’ అనే మాయలాడి మాట

చాలా పెద్దది. దానికన్నా చాలా పెద్దది. తెలుగులో రెండుచోట్లా ‘చాలా’నే. ఇంగ్లీషులో మొదటిది ‘వెరీ బిగ్’, రెండోది ‘మచ్ బిగ్గర్’. ‘వెరీ’ మామూలు విశేషణం ముందు వస్తుంది, పోలిక రూపం ముందు రాదు. పోలికకు మచ్, ఫార్, ఎ లాట్ వాడాలి. కొంచెం అనడానికి ‘ఎ లిటిల్’ లేదా ‘స్లైట్లీ’. ఇంకా అనడానికి ‘ఈవెన్’: “ద సర్వీస్ రోడ్ ఈజ్ ఈవెన్ స్లోయర్.” మరీ అనడానికి ‘టూ’. మరీ అంటే హద్దు మీరిందని అర్థం, కనుక నచ్చినదాన్ని ‘టూ గుడ్’ అని మెచ్చుకోవడం మిత్రుల మధ్య సరే, ఆఫీసు ఉత్తరంలో ‘వెరీ గుడ్’ అనండి.

హిమాయత్ సాగర్ నిల్వ సామర్థ్యం 2.97 టీఎంసీలు, ఉస్మాన్ సాగర్‌ది 3.90 టీఎంసీలు. మరి ‘మచ్ లార్జర్’ అనాలా, ‘స్లైట్లీ లార్జర్’ అనాలా? వ్యాకరణం దీనికి జవాబు చెప్పదు, అంకెలు చూసి మీరే తేల్చుకోవాలి. దాదాపు మూడో వంతు ఎక్కువ కనుక నేనైతే ‘కన్సిడరబ్లీ లార్జర్’ అంటాను. ఇక్కడ ‘కన్సిడరబ్లీ’ ఒక క్రియా విశేషణమని, అది క్రియను కాక పోలిక విశేషణాన్ని పట్టుకుని ఉందని గమనించండి. పేరులో క్రియ ఉన్నా, క్రియా విశేషణం విశేషణాలకూ, మరో క్రియా విశేషణానికీ కూడా తోడుగా వస్తుంది.

వాక్యం పెరిగే తీరు

ఇప్పుడు మూడింటినీ కలుపుదాం. మొదట ఒక చిన్న వాక్యం: “ద ట్రాఫిక్ ఈజ్ హెవీ.” పోలిక చేర్చండి: “ద ట్రాఫిక్ ఈజ్ హెవియర్ దాన్ బిఫోర్.” పోలికకు బలం చేర్చండి: “మచ్ హెవియర్ దాన్ బిఫోర్.” ఉండటం కాదు, అలా అయిందని చెప్పాలి, కాబట్టి క్రియ మార్చండి: “ద ట్రాఫిక్ హాజ్ బికమ్ మచ్ హెవియర్ దాన్ బిఫోర్.” అది ఒక్కరోజులో కాలేదు, క్రమంగా అయింది: “ద ట్రాఫిక్ హాజ్ స్టెడిలీ బికమ్ మచ్ హెవియర్ దాన్ బిఫోర్.”

‘స్టెడిలీ’ అయ్యే తీరును చెబుతోంది, అందుకే క్రియా విశేషణం. ‘హెవియర్’ ట్రాఫిక్ గుణం, బికమ్ లింకింగ్ వెర్బ్, అందుకే విశేషణం. ‘మచ్’ ఆ హెవియర్‌కు తోడు. వాక్యంలో ప్రతి మాటా ఎవరి చేయి పట్టుకుందో చెప్పగలిగితే మీకు పాఠం అర్థమైనట్టే.

అదే సంగతిని పని చెప్పే క్రియతో చెబితే: “వెహికిల్స్ నౌ మూవ్ మచ్ మోర్ స్లోలీ దాన్ బిఫోర్.” మూవ్ పని కనుక ‘స్లోలీ’, దాని పోలిక ‘మోర్ స్లోలీ’. రోజురోజుకూ అనడానికి పోలికను రెండుసార్లు వాడతారు: “ఇట్ ఈజ్ గెటింగ్ వర్స్ అండ్ వర్స్.” మన ‘ఎంత... అంత’ వాక్యానికి రెండు ‘ద’లు కావాలి: “ద ఎర్లియర్ యు స్టార్ట్ ఫ్రమ్ నార్సింగి, ద సూనర్ యు గెట్ టు రాయదుర్గ్.” ఇక్కడ ‘ఇఫ్’ పెట్టరు, తెలుగులో ‘బయల్దేరితే’ అనడం వల్ల చాలామంది దాన్ని ఇరికిస్తారు.

స్థానం గురించి రెండు మాటలు చాలు. తీరును చెప్పే క్రియా విశేషణం క్రియకూ దాని కర్మకూ మధ్య దూరకూడదు. “షీ స్పీక్స్ ఇంగ్లీష్ ఫ్లూయెంట్లీ” సరైనది, “షీ స్పీక్స్ ఫ్లూయెంట్లీ ఇంగ్లీష్” తప్పు. ఆల్వేస్, ఆఫెన్, నెవర్, హార్డ్‌లీ వంటివి ప్రధాన క్రియకు ముందు, ‘బీ’ క్రియకు తర్వాత వస్తాయి: “హీ నెవర్ కమ్స్ లేట్”, “హీ ఈజ్ నెవర్ లేట్.” ఇక మన నగరపు ‘ఓన్లీ’ సంగతి. “ఐ యామ్ ఇన్ నార్సింగి ఓన్లీ” అనే వాక్యం ‘నార్సింగిలోనే ఉన్నా’ అనే తెలుగు నుంచి దిగింది. ‘లోనే’ చివరి ఏకారాన్ని ఓన్లీగా మార్చుకున్నాం. మనవాళ్లతో మాట్లాడేటప్పుడు నేనూ అలాగే అంటాను, బయటివారికి రాసేటప్పుడు మాత్రం “ఐ యామ్ స్టిల్ ఇన్ నార్సింగి” అంటాను.

ఆ రోజు తరగతి పాఠం పక్కనపెట్టి అందరం కలిసి మెమోకు సమాధానం రాయించాం. మొదటి వాక్యం అతనే రాశాడు: “ద మోటార్ రాన్ కంటిన్యువస్లీ, అండ్ ఐ యూజ్డ్ ద రాంగ్ వర్డ్.” వారం తర్వాత మెమో వెనక్కి తీసుకున్నారని చెప్పాడు. రెండు రోజుల జీతం మాత్రం తిరిగి రాలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

కింది వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చండి. ప్రతి ‘గా’ దగ్గర, ప్రతి ‘చాలా’ దగ్గర ఆగి ఆలోచించండి.

గేట్లు ఎత్తాక మూసీ నీళ్లు మేం అనుకున్నదానికన్నా చాలా వేగంగా పెరిగాయి.
నార్సింగి నుంచి మంచిరేవుల దారి ఇవాళ ప్రమాదకరంగా కనిపిస్తోంది.
మా చెల్లి నాకన్నా ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది.
ఈ నెల కరెంటు బిల్లు పోయిన నెలదానికన్నా కొంచెం ఎక్కువ.
ఎంత జాగ్రత్తగా చదివితే అంత తక్కువ తప్పులు చేస్తావు.
రాత్రి డ్యూటీలో అతను కష్టపడి పనిచేశాడు, ఈమధ్య ఎప్పుడూ ఆలస్యంగా రాలేదు.

మూడో వాక్యాన్ని “బెటర్ దాన్ ఐ డూ” అని ముగించినా, “బెటర్ దాన్ మీ” అని ముగించినా పూర్తి మార్కులు వస్తాయి. నాలుగోదానిలో ‘దట్’ను మరచిపోకండి. చివరి వాక్యంలో హార్డ్, లేట్లీ, లేట్ అనే మూడు మాటలూ రావాలి. ఏది ఎక్కడ రాయాలో మోటారు కథ గుర్తుచేసుకుని రాయండి.